గడ్డపలుగు ముహూర్తం: నేల మీద నీడ గీసిన మన పన్నెండు గంటలు

ఈసారి ఒక పెళ్ళి మాటతో మొదలుపెడదాం. పట్టపగలు, మిట్టమధ్యాహ్నం పెళ్ళి పెట్టుకుంటే మన ఊళ్ళల్లో పెద్దవాళ్ళు "గడ్డపలుగు ముహూర్తంలే" అంటారు, వినే ఉంటారు. శుభలేఖలో మాత్రం "అభిజిత్ లగ్నం" అని అచ్చేస్తారు. రెండూ ఒకటే. గడ్డపలుగు అంటే గునపం. తెలంగాణ వైపు గడ్డపార అంటారు. దాన్ని నేలలో నిలువుగా పాతి, దాని నీడ మాయమైన వేళే ముహూర్తం అనుకునేవాళ్ళు. పంచాంగం చెప్పే మనిషి దొరకలేదు, ఇంట్లో గడియారం లేదు, అయినా పెళ్ళి ఆగదన్నమాట.

నాకు ఈ మాట చాలా ఇష్టం. ఎందుకంటే ఇందులో టైమ్ అనేది ఎక్కడో ఢిల్లీలోనో, ఫోన్ టవర్‌లోనో లేదు. మీ పెరట్లో, మీ గునపం కింద ఉంది.

సరే, ఆ వేళ ఎన్నింటికి వస్తుంది? "అదేముంది, పన్నెండింటికి" అంటారు. మైలవరంలో చూద్దాం. నవంబరు మొదటి వారంలో మైలవరంలో సూర్యుడు ఆ రోజుకి అందినంత ఎత్తుకి చేరేసరికి ఫోన్‌లో 11:51 అవుతుంది. ఫిబ్రవరి రెండో వారంలో అదే పని 12:22కి జరుగుతుంది. అంటే అరగంట తేడా! ఒకే ఊరు, ఒకే డాబా, ఒకే కర్ర. ఇందులో కొంత తేడా ఆకాశం వల్ల వచ్చింది, కొంత మనుషులు కాగితాల మీద చేసిన నిర్ణయాల వల్ల వచ్చింది. ఇవాళ్టి ఎపిసోడ్ ఈ రెండింటి గురించే.

ముందు ఆ "నీడ మాయమవ్వడం" సంగతి తేల్చేద్దాం. పెద్దవాళ్ళ మాటను అక్షరాలా తీసుకుంటే అది ఏడాదికి రెండు రోజులే నిజం. మైలవరం భూమధ్యరేఖకి ఉత్తరాన దాదాపు 16.8 డిగ్రీల దగ్గర ఉంది. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది మే 7 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 6 ప్రాంతంలో ఇంకోసారి. మిగతా రోజుల్లో నీడ మాయం కాదు, ఆ రోజుకి అతి పొట్టిగా అవుతుందంతే. ఒక మీటరు కర్ర పాతితే డిసెంబరు 21న మధ్యాహ్నపు నీడ ఉత్తరం వైపు దాదాపు 85 సెంటీమీటర్లు పడుతుంది. రాత్రీ పగలూ సమానమయ్యే మార్చి, సెప్టెంబరు రోజుల్లో 30 సెంటీమీటర్లు. జూన్ 21న తమాషాగా దక్షిణం వైపు తిరిగి, 12 సెంటీమీటర్లు ఉంటుంది. మనకి మధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని అనుకునేవాళ్ళు చాలామంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా అది దక్షిణానికి పడుతుంది. సరిగ్గా మామిడికాయలు దిగే రోజుల్లో మొదలవుతుంది, తోటల్లోనే చూడొచ్చు.

అయితే గునపం పాతినవాళ్ళకి ఇదంతా తెలీదా? తెలుసు. వాళ్ళకి కావలసింది నీడ లేకపోవడం కాదు, నీడ తగ్గడం ఆగి మళ్ళీ పెరగడం మొదలయ్యే ఆ మలుపు. పగటిని 15 ముహూర్తాలు చేస్తే ఎనిమిదోది అభిజిత్. దాని నడిమధ్యలో ఆ మలుపు ఉంటుంది. పగలు పన్నెండు గంటలుండే రోజుల్లో ఒక ముహూర్తం అంటే 48 నిమిషాలు, కాబట్టి ఇటు 24, అటు 24 నిమిషాల వెసులుబాటు. గునపంతో చూస్తే రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ అయినా పెళ్ళికి ఇబ్బంది లేదు.

ఈ గునపానికి చదువుకున్న పేరు ఒకటుంది, శంకువు. రెండువేల ఏళ్ళ పైబడిన కాత్యాయన శుల్బసూత్రంలో దీంతో దిక్కులు కనుక్కునే పద్ధతి ఉంది. చదును నేల మీద కర్ర పాతి, దాని మొదలు కేంద్రంగా తాడుతో ఒక వృత్తం గీస్తారు. పొద్దున్నే నీడ పొడుగ్గా ఉండి వృత్తం దాటిపోయి ఉంటుంది. పొద్దెక్కే కొద్దీ ముడుచుకుంటూ, ఒక క్షణాన దాని కొన వృత్తం గీతను తాకి లోపలికి వస్తుంది. అక్కడ ఒక చుక్క పెడతారు. మధ్యాహ్నం తిరిగాక నీడ మళ్ళీ పెరిగి, రెండోవైపు గీతను తాకి బయటికి పోతుంది. అక్కడ ఇంకో చుక్క. రెండు చుక్కలూ కలిపితే తూర్పు–పడమర గీత వస్తుంది. అయస్కాంతం లేదు, ఫోన్ లేదు. పాత గుళ్ళు తూర్పుకి తిరిగి ఉన్నాయంటే వాటి వెనక ఉన్నది ఇలాంటి గీతలే. (మీ ఫోన్‌లో దిక్సూచి ఉంది కదా అంటారేమో. డాబా శ్లాబులో ఇనుప చువ్వలుంటాయి, వాటి దగ్గర అది తడబడుతుంది. నీడ తడబడదు.)

ఇందులో ఒక చిన్న తిరకాసు ఉంది. పొద్దున చుక్కకీ సాయంత్రం చుక్కకీ మధ్య సూర్యుడు ఉత్తరానికో దక్షిణానికో పిసరంత జరుగుతాడు. గీత ఆ పిసరంత వంకర వస్తుంది. మనవాళ్ళు దాన్నీ వదల్లేదు. 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడు ఆ తేడాని ఎలా సరిచేయాలో సిద్ధాంత శిరోమణిలో చెప్పాడు.

చుక్కలు పెట్టడం, కలపడం. మన వాకిట్లో రోజూ జరిగే పనే కదా ఇది! ముగ్గుకీ దీనికీ చరిత్రలో సంబంధం ఉందని నేను అనడం లేదు, అలాంటి కథలు అల్లడం నాకు నచ్చదు కూడా. కానీ చెయ్యి చేసే పని ఒకటే. తేడా ఏంటంటే, ముగ్గులో చుక్కలు ఎక్కడ పెట్టాలో మనం నిర్ణయిస్తాం, ఇక్కడ సూర్యుడు నిర్ణయిస్తాడు.

జ్యోతిష గ్రంథాల్లో శంకువు ఎత్తు 12 అంగుళాలు. రాత్రీ పగలూ సమానమైన రోజు మధ్యాహ్నం దాని నీడ ఎన్ని అంగుళాలో కొలుస్తారు, దాన్ని పలభ అంటారు. మైలవరానికి ఇది మూడున్నర అంగుళాలకి కాస్త ఎక్కువ. ఉత్తరానికి పోయే కొద్దీ పెరుగుతుంది. ఈ ఒక్క కొలత చేతిలో ఉంటే ఆ ఊరికి ఏ రోజు పగలు ఎంతసేపు ఉంటుందో లెక్కకట్టొచ్చు. ఇప్పుడు మీ యాప్‌లో లొకేషన్ ఆన్ చెయ్యమని అడుగుతుంది చూడండి, ఆనాటి గణకుడికి ఊరి లొకేషన్ అంటే ఇదే, మూడున్నర అంగుళాల నీడ.

ఇప్పుడు నీడని చూసి టైమ్ చెప్పడం. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహం రాశాడు. సంస్కృతంలో. అందులో చివరి అధ్యాయం మొత్తం నీడల లెక్కలే, పేరు ఛాయావ్యవహారం. ఈ పుస్తకాన్నే పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. తెలుగులో తొలి గణిత గ్రంథం అదే. మల్లన రాజరాజ నరేంద్రుడి కాలం వాడని కొందరు, ఆ తర్వాతి తరాల వాడని కొందరు వాదిస్తారు. మనకిప్పుడు ఆ గొడవ అవసరం లేదు.

మహావీరుడు ఇచ్చిన ఒక సూత్రం చాలా సులువు. నీడ పొడవు వస్తువు ఎత్తుకి ఎన్ని రెట్లో చూడండి. దానికి ఒకటి కలపండి. రెట్టింపు చెయ్యండి. పగటిని ఆ సంఖ్యతో భాగిస్తే, పొద్దున అయితే గడిచిన భాగం, సాయంత్రం అయితే మిగిలిన భాగం. ఉదాహరణకి మీ నీడ మీ ఎత్తంత ఉందనుకోండి. ఒకటికి ఒకటి కలిపితే రెండు, రెట్టింపు నాలుగు. పగట్లో నాలుగో వంతు గడిచింది. ఆరింటికి పొద్దు పొడిస్తే తొమ్మిది అయినట్టు. టేపు కూడా అక్కర్లేదు. మనిషి ఎత్తు తన పాదాలతో కొలిస్తే ఆరున్నర, ఏడు అడుగులు వస్తుంది. మీ నీడ మీ పాదాలతో అంత ఉంటే చాలు.

ఇది మన దగ్గర పని చేస్తుందా? మైలవరానికి నేను లెక్క కట్టి చూశాను. మార్చి, సెప్టెంబరు నెలల్లో పది నిమిషాల తేడా వస్తోంది. జూన్‌లో ఇంకా తక్కువ, ఐదారు నిమిషాలే. డిసెంబరులో మాత్రం ఘోరం, గంటంబావు పైనే తప్పుతుంది. అది మహావీరుడి తప్పు కాదు. పలభ లేని చోటికి, అంటే భూమధ్యరేఖ మీద ఉన్న ఊళ్ళకి ఈ సూత్రం అని ఆయనే షరతు పెట్టాడు. షరతులు చదవకుండా "ఐ అగ్రీ" నొక్కేది మనం.

పల్లెల్లో ఈ లెక్కలేవీ లేకుండానే మాటల్లో టైమ్ ఉండేది. "బారెడు పొద్దెక్కింది", "జాము పొద్దయింది", "పొద్దు వాటారింది". బారెడు అంటే రెండు చేతులూ చాపినంత పొడవు. పొడవుతో టైమ్ కొలుస్తున్నాం, గమనించారా? మబ్బు పట్టినా, రాత్రయినా సూర్యుడితో పని జరగదు కాబట్టి అడుగున చిల్లున్న గిన్నెను నీళ్ళలో వదిలేవాళ్ళు. అది మునగడానికి పట్టే 24 నిమిషాలు ఒక ఘడియ. రోజుకి 60. మీరు గోడకి తగిలించిన బ్యాటరీ వస్తువుని ఇంకా "గడియారం" అంటున్నది అందుకే.

ఇక్కడ ఒక్క నిమిషం పక్కకి వెళ్దాం. నల్గొండ దగ్గర పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కుందూరు చోళుల కాలం నాటిది. గర్భగుడి గోడ మీద ఒక స్తంభం నీడ పగలంతా కనిపిస్తుంది, కదలదు! రీల్స్‌లో దీన్ని "సైన్స్‌కి అందని మిస్టరీ" అని చూపిస్తుంటారు. అలాంటిదేమీ లేదు. ఆ నీడ ఎండ నేరుగా పడితే వచ్చింది కాదు. బయట నేలకీ గోడలకీ తగిలి చెదిరిన వెలుగు స్తంభాల సందుల్లోంచి లోపలికి వచ్చి, ఆ వెలుగు అందని చోట నీడ నిలుస్తుంది. సూర్యుడు కదిలినా వెలుగు వచ్చే దారులు అవే కాబట్టి నీడా అక్కడే. స్తంభాల అమరికలో ఉన్న తెలివి మిస్టరీ కంటే గొప్పది అని నా అభిప్రాయం. నీడ అంటే గడియారమే అనుకునే మనకి, టైమ్ చెప్పడానికి ఒప్పుకోని నీడని కట్టి చూపించారు.

సరే, మన పన్నెండు గంటలు ఎలా జరిగిపోయాయో చూద్దాం. ఈ కథ కృష్ణా డెల్టాని తాకుతూనే పోతుంది. 1792లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు నుంగంబాక్కంలో అబ్జర్వేటరీ కట్టింది. దాన్ని కట్టించినవాడు మైకేల్ టాపింగ్. అక్కడ నిలబెట్టిన పెద్ద గ్రానైట్ స్తంభం మీద లాటిన్‌తో పాటు తెలుగులో కూడా చెక్కించారు. ఇదే టాపింగ్ కృష్ణా, గోదావరి నీళ్ళని పొలాలకి మళ్ళించడం కుదురుతుందా అని ఈ ప్రాంతమంతా కొలతలు తీస్తూ తిరిగాడు. 1796లో మచిలీపట్నంలోనే పోయాడు. ఆనకట్టలు రావడానికి ఇంకా అరవై ఏళ్ళు ఉందప్పటికి.

టాపింగ్ తర్వాత జాన్ గోల్డింగ్‌హామ్ వచ్చాడు. 1802లో మద్రాసు టైమ్‌ని గ్రీనిచ్‌కి 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందుగా తేల్చాడు. అప్పటికి ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే, ఎవరికీ నష్టం లేదు. రైలు వచ్చాక నష్టం వచ్చింది. ప్రతి స్టేషన్‌కీ ఒక టైమ్ ఉంటే బండ్లు ఎలా నడుపుతారు? అందుకని రైళ్ళు మద్రాసు టైమ్‌కి నడిచాయి. మనకి అదృష్టం ఏంటంటే, బెజవాడ, మైలవరం దాదాపు మద్రాసుకి నేరుగా ఉత్తరాన ఉన్నాయి. తేడా నిమిషంన్నర లోపే. అంటే గునపం నీడ, స్టేషన్ గడియారం సగటున ఒకే మాట చెప్పేవి.

1906 జనవరి 1న అది మారింది. దేశం మొత్తానికి ఒకే టైమ్, గ్రీనిచ్‌కి ఐదున్నర గంటలు ముందు. తూర్పు రేఖాంశం 82.5 డిగ్రీల గీత ఆధారం. మైలవరం ఆ గీతకి పడమర ఉంది, 80.6 దగ్గర. సూర్యుడికి ఒక డిగ్రీ దాటడానికి 4 నిమిషాలు పడుతుంది. కాబట్టి మన మధ్యాహ్నం సగటున ఏడున్నర నిమిషాలు వెనక్కి పోయింది. ఏ సూర్యుడూ కదల్లేదు, ఏ గునపమూ కదల్లేదు. బొంబాయి దీన్ని ఒప్పుకోలేదు. మిల్లు కార్మికులు గొడవ చేశారు, నగరం తన పాత టైమ్‌ని 1955 దాకా పట్టుకుని వేలాడింది. వాళ్ళకి తేడా దాదాపు 39 నిమిషాలు మరి, పొద్దు పొడవకముందే మిల్లుకి పోవాలంటే ఎవరికైనా మండుతుంది. మనకి ఏడున్నర నిమిషాలే.

అంతకన్నా పెద్ద జరుగుడు యుద్ధంలో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 దాకా దేశంలో గడియారాలన్నీ ఇంకో గంట ముందుకి జరిపారు. గ్రీనిచ్‌కి ఆరున్నర గంటలు. ఆ మూడేళ్ళు మైలవరంలో గునపం నీడ అతి పొట్టిగా ఉన్నప్పుడు సర్కారు గడియారంలో సగటున ఒంటిగంట దాటి ఏడు నిమిషాలు. గడ్డపలుగు ముహూర్తం అనే మాటకి అసలు విలువ ఏంటో ఇక్కడ తెలుస్తుంది. సర్కారు గడియారాన్ని ఎటు తిప్పినా ఆ ముహూర్తం తప్పదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1943లో, అన్నవరం సత్యనారాయణస్వామి గుడి దగ్గర ఒక నీడ గడియారం వెలిసింది. రాజమండ్రికి చెందిన పిడపర్తి కృష్ణమూర్తి శాస్త్రి దాన్ని రూపొందించారు. రత్నగిరి ఎక్కినవాళ్ళు చాలామంది దాని ముందు సెల్ఫీ దిగి వచ్చేస్తారు. ఈసారి వెళ్తే ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. భారత కాలమానానికి ఆధారమైన ఆ 82.5 డిగ్రీల గీత తుని దగ్గరగా పోతుంది. అన్నవరం దానికి కూతవేటు దూరం, టైమ్‌లో అర నిమిషం లోపే తేడా. అంటే దేశం టైమ్‌కీ ఊరి టైమ్‌కీ దాదాపు తేడా లేని అరుదైన చోట ఆ గడియారం ఉంది. కట్టిన ఏడాది మాత్రం సర్కారు గడియారాలు దాని కంటే గంట ముందున్నాయి. యుద్ధం అయిపోయింది, గడియారాలే వెనక్కి వచ్చి ఆ నీడతో కలిశాయి.

కలిశాయన్నానా, పూర్తిగా కాదు. అన్నవరంలో కూడా నవంబరులో నీడ 16 నిమిషాలు ముందుంటుంది, ఫిబ్రవరిలో 14 నిమిషాలు వెనకుంటుంది. మొదట్లో ఆకాశం వల్ల అన్నానే, ఆ భాగం ఇదే. భూమి సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగదు, జనవరిలో దగ్గరగా ఉండి వేగంగా పోతుంది. దానికి తోడు భూమి ఇరుసు వంగి ఉంది. ఈ రెండూ కలిసి సూర్యుణ్ణి గడియారానికి ఒకసారి ముందు, ఒకసారి వెనక నడిపిస్తాయి. గడియారం చెప్పేది ఆ ఎగుడుదిగుళ్ళన్నీ చదును చేసిన సగటు.

ఆ ఎగుడుదిగుడు కళ్ళతో చూడాలంటే ఒక బొమ్మ గీయాలి. ఒక ఏడాది పడుతుంది, ఖర్చు లేదు. మైలవరంలో, ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఉన్నవాళ్ళ కోసం అంకెలతో చెప్తున్నాను. డాబా మీద రోజంతా ఎండ పడే మూల చూడండి. బకెట్లో ఇసుక పోసి, ఇసుక పైన ఒక మీటరు ఉండేలా కర్ర గుచ్చండి. నిలువుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి వేలాడదీసి చూసుకోండి. బకెట్ కదలకూడదు, కదిలితే మొత్తం పోతుంది, ఇంట్లో వాళ్ళకి గట్టిగా చెప్పండి. ప్రతి ఆదివారం ఫోన్‌లో సరిగ్గా 12:07 అయినప్పుడు నీడ కొన దగ్గర పెయింట్‌తో ఒక చుక్క, పక్కన తారీఖు. సుద్దముక్క అయితే మొదటి వానకే పోతుంది.

చుక్కలన్నీ ఒకే గీత మీద పడతాయని అనిపిస్తుంది. పడవు. ఏడాది తిరిగేసరికి ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 96 సెంటీమీటర్ల పొడవున ఒక "8" వస్తుంది. ఉత్తరం వైపు గుండ్రం పెద్దది, దాదాపు 15 సెంటీమీటర్ల వెడల్పు. అది చలికాలం. నవంబరు చుక్కలు తూర్పుకి, ఫిబ్రవరి చుక్కలు పడమరకి పడతాయి. దక్షిణం వైపు గుండ్రం నాలుగైదు సెంటీమీటర్లే, అది ఎండాకాలం, తొలకరి. రెండు గుండ్రాలూ కలిసే ముడి మీదుగా నీడ రెండుసార్లు పోతుంది, ఏప్రిల్ మధ్యలో ఒకసారి, ఆగస్టు ఆఖర్లో ఒకసారి.

పాత పద్ధతిలో ఇంకో బొమ్మ ఒక్క రోజులోనే గీయొచ్చు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా అరగంటకోసారి నీడ కొనకి చుక్క పెట్టి కలపండి. మార్చి 21 ప్రాంతంలో చేస్తే కర్ర వేసినట్టు తిన్నని గీత వస్తుంది. డిసెంబరులో చేస్తే చివరలు ఉత్తరానికి తిరిగిన విల్లు. జూన్‌లో అదే విల్లు చివరలు దక్షిణానికి తిరుగుతాయి. ఒకే నేల మీద మూడూ మూడు రంగుల్లో గీస్తే పక్కింటివాళ్ళు వచ్చి ఏంటని అడక్క మానరు.

ఇక గునపం నీడ నిజంగా మాయమయ్యేది చూడాలంటే, మే 7 ప్రాంతంలో 12:04కి, ఆగస్టు 6 ప్రాంతంలో 12:13కి. ఆగస్టులో మబ్బుల్ని నమ్మలేం. మేలో అయితే ఎండకి లోటుండదు, నేల కాలిపోతుంటుంది, చెప్పులు వేసుకుని పైకెళ్ళండి.